పసుపు ఎర్రబడిన రోజు

పోయిన మంగళవారం పొద్దున ల్యాబ్‌లో మొదటి శాంపిల్ చేతిలో ఉండగానే ఫోన్ వచ్చింది. మా సైన్స్ సారు పోయారు. సుబేదారిలోని ఇంట్లో పేపర్ చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. నేను ఆటో పట్టుకుని వెళ్లేసరికి గేటు ముందు మెడికల్ కాలేజీ వ్యాను ఆగి ఉంది. తన దేహాన్ని డాక్టరు చదువుల పిల్లలకు ఆయన ఎప్పుడో రాసిచ్చేశారు. పాడె లేదు, డప్పు లేదు. పాదాలు తాకడానికి రెండు నిమిషాలు దొరికాయి, అంతే.

బడిలో ఆయనకు మేం పెట్టుకున్న పేరు 'జర ఆగు సారు'. ఏదడిగినా, "జర ఆగు, ముందు మంచిగ చూడు" అనేవారు. చూసి చెప్పినా వదిలేవారు కాదు, "ఇంకోసారి చూడు" అనేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు సుద్దముక్కలు, జేబు చుట్టూ తెల్లటి మరక. సెలవు రోజుల్లో ఊళ్లకు పోయి బాబాలు చేసే మహిమలన్నీ తానే చేసి, అవెలా జరుగుతాయో విప్పి చూపించేవారు. కానీ ఏ గుడి ముందైనా చెప్పులు విడిచేవారు. ప్రసాదం పెడితే రెండోసారి కూడా చెయ్యి చాపేవారు. దేవుణ్ణి నమ్మరు కదా అని మేం ఆటపట్టిస్తే, "పులిహోర ఏం పాపం చేసింది?" అనేవారు.

ఆయనకు నేను పడ్డ బాకీ ఒకటుంది. అది ఇక తీరదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఇల్లు వరంగల్‌లో నేతపనివాళ్ల వాడలో. నాన్న నూలుకు రంగులు వేసేవాడు. అమ్మ కూడా ఆయనతో సమానంగా ఆ పని చేసేది. బోనాలకు ముందు వాడలోని పోచమ్మను కడిగి పసుపు పూయడం ఏటా ఒక్కో ఇంటి వంతు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఆ వంతు మాకొచ్చింది. ఇత్తడి బిందె ఎవరింటికో పోయింది. అమ్మ గుడి దగ్గర నుంచి నీళ్ల కోసం కేకేసింది. చేతికందిన బకెట్ నింపి ఉరికి, గుడి ముందున్న ఆడవాళ్లలో ఎవరి చేతికో అందించాను; అమ్మ నన్ను చూడలేదు. అది మేం నూలు ఉడకబెట్టడానికి సోడా కలిపే బకెట్. అడుగున గడ్డకట్టిన సోడా ఉంది. కడగాలని తోచలేదు.

అమ్మ పసుపు పూసి, ఆ నీళ్లు పోచమ్మ తల మీద పోసింది. చూస్తుండగానే పసుపు మీద ఎర్రటి ధారలు కట్టాయి. మూలింటి అవ్వ గట్టిగా అరిచింది, "పోచమ్మకు నెత్తురొస్తాంది!" వాడంతా పోగైంది. పోచమ్మ మీద నుంచి చూపులన్నీ మా అమ్మ మీదికి తిరిగాయి. "ఏం తప్పు జేసినవో యాద్ జేస్కో" అని ఎవరో అన్నారు. అమ్మ గుర్తు చేసుకుంటూనే ఉండిపోయింది. రెండు రోజులు మెతుకు ముట్టలేదు.

మూడో రోజు నేను స్టాఫ్ రూములో సారు ముందు ఏడ్చాను. "జర ఆగు" అన్నారాయన. "నీళ్లు దేంట్ల తెచ్చినవ్?"

చెప్పాను. సారు సుద్దముక్కను బల్ల మీద అటూ ఇటూ దొర్లించారు.

"మీ అమ్మకు చెప్పినవా?"

"లే సార్. కొడతది."

"ఎట్లయిందో నేనొచ్చి చెప్త. బకెట్ ఎవరిచ్చిండ్రో మాత్రం నువ్వే చెప్పాలె, బిడ్డా."

సాయంత్రం వచ్చారు. గుడి ముందు చెప్పులు విడిచి, అమ్మను పిలిచి అడిగారు. "చెల్లె, పసుపు మరక వడ్డ అంగీని సబ్బుతోని ఉతికితే ఏమైతది?"

"ఎర్రగైతది సారు."

"గిది గూడ గంతే. నీళ్లల్ల సోడా గలిసింది. జరంత చింతపండు నానబెట్టి తేపో."

అమ్మ చేతనే చింతపండు పులుసు పోయించారు. ఎరుపు మెల్లగా విరిగి మళ్లీ పసుపు తేలింది. ఇక అందరికీ అర్థమైపోయిందని సారు చేతులు దులుపుకున్నారో లేదో, "పోచమ్మ తల్లి సల్లబడ్డది!" అని వాడంతా ఒక్కసారి దండం పెట్టింది. మూలింటి అవ్వ వచ్చి సారు కాళ్ల మీద పడింది. ఆయన ఎగిరి వెనక్కి దూకారు. "నా కాళ్లెందుకు అవ్వా, చింతపండుకు మొక్కు!" అవ్వ నిజంగానే చింతపండు గిన్నెకు దండం పెట్టింది. మహిమలు విప్పి చూపే మనిషి చేతుల మీదుగా మా వాడలో రెండో మహిమ జరిగిపోయింది.

అమ్మ ఆ సాయంత్రమే అన్నం తింది. సారు వెళ్లబోతుంటే మాత్రం గడప దాకా వచ్చి ఒక మాట అడిగింది. "సోడా సంగతి సమజైంది సారు. గని ఎన్నేండ్ల సంది బిందెతోని వోసే నీళ్లు, నా వంతు నాడే సోడా బకెట్ల ఎందుకొచ్చినయ్?"

సారు నా వైపు ఒక్కసారి చూశారు. నేను తల వంచుకున్నాను.

"తెల్వదు చెల్లె" అన్నారు. "దొరికితే చెప్త."

చూడనిది చూసినట్టు ఏనాడూ చెప్పని మనిషి. తెలిసింది తెలియదనడం నేను విన్నది ఆ ఒక్కసారే. అది నా కోసం.

ఆ తర్వాత పాతికేళ్లు నేను ఆ ఇద్దరి మధ్య తిరిగాను. సారును కలిసి వచ్చానంటే అమ్మ, "మీ సారుకు జవాబు దొరికిందా?" అనేది. సారు కనిపించిన ప్రతిసారీ, "చెప్పినవా బిడ్డా?" అనేవారు. "చెప్త సార్" అనేదాన్ని. మొదట దెబ్బల భయం, తర్వాత సిగ్గు. పోనుపోను ఇంకో సంగతి కూడా తోడైంది. చెప్పేస్తే ఆ ఇద్దరూ ఒకరి గురించి ఒకరు నన్నడగడం ఆగిపోతుందేమోనని బెంగగా ఉండేది. ల్యాబ్‌లో రిపోర్టు మంచిగా వస్తే జనం దేవుడి దయ అంటారు. నేనేమీ అనను. మా అమ్మ ప్రశ్నకు సారు తెల్వదన్న తీరు గుర్తొస్తుంది.

పోయిన నెల హనుమకొండ బస్టాండులో కనిపించారు. బాగా చిక్కిపోయారు. జేబులో సుద్దముక్క మాత్రం అలాగే ఉంది. "నేనుండంగనే చెప్పు బిడ్డా" అన్నారు. "ఆమె ఏమంటదో ఇనాలనున్నది." ఆదివారం చెబుతానన్నాను. నాలుగు ఆదివారాలు పోయాయి. ఆయన అడిగింది అదొక్కటే, అదీ చేయలేకపోయాను.

మంగళవారం ఆయన్ను పంపించి ఇంటికొచ్చాను. గడపకు పసుపు పూసి, అమ్మ పంపు దగ్గర చేతులకు సబ్బు రుద్దుకుంటోంది. సారు పోయారని చెప్పాను. ఆ నోటితోనే బకెట్ సంగతీ చెప్పేశాను.

తిట్టలేదు. పంపు వైపు చూస్తూ అంది.

"అయితే నువ్విచ్చినవ్. మరి అన్ని బకెట్లు ఉండంగ నీ చేతికి గదే ఎందుకందింది?"

నవ్వొచ్చింది. సారు ఈ మాట వింటే జేబు పట్టుకుని ఎంత నవ్వేవారో కళ్లకు కట్టింది.

"నాకేమెర్క అమ్మా" అన్నాను.

"పో, మీ సారును అడుగు" అంది, ఎప్పటిలాగే.

అనేశాక ఆగిపోయింది. పంపు కారుతూనే ఉంది. సబ్బు నురగలో ఆమె అరచేతుల పసుపు ఎర్రబడుతోంది. ఆ చేతులను అలాగే చూస్తూ నిలబడింది, నీళ్ల కింద పెట్టలేదు.