మా బండికి కొన్న ఖరీదు ప్లగ్గు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ పీట లాక్కోండి, లేదంటే చాప మీదైనా సరే. మా ఊళ్లో సముద్రపు గాలికి సగం మాట అటే కొట్టుకుపోతుంది, పక్కన ఉంటేనే వినబడుతుంది. నేను చెప్పబోయేది ఒక ప్లగ్గు సంగతి. బొటనవేలంత ఉంటుంది. దాని మూలాన మూడు వారాలు మా ఇంట్లో ముద్ద గొంతు దిగలేదు.

ముందు నా బుద్ధి చెప్పాలి. నేను ఎవరినీ ఊరికే నమ్మను. చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి ఎరుపు చూడనిదే బుట్టలో వెయ్యను. అమ్మేది మా సొంత మేనమామైనా సరే, ఎత్తే చూస్తాను. పెట్టెలో పైన మెరిసేవి పేర్చి అడుగున మెత్తబడినవి దాచేవాళ్లను చిన్నప్పటి నుంచి చూసినదాన్ని.

మాది తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఊరు. తెల్లవారుతుండగా పడవలు ఒడ్డుకు వస్తాయి. మా ఆయన ఒడ్డున వేలం పాటలో చేప తీసుకుని, ఐస్ వేసి, పెట్టె మోటారు సైకిలు వెనక కట్టుకుని నెల్లూరు వెళతాడు. అక్కడ ఒక భోజనం హోటలుకు రోజూ మేమే చేప ఇస్తాం. ఏడున్నరకల్లా వంటాయన చేతిలో పడాలి. పొద్దున్నే పొయ్యి ఎక్కితేనే మధ్యాహ్నానికి ముక్కకు పులుసు పడుతుంది. వేట బాగున్నా లేకపోయినా మా ఇల్లు నడిచేది ఆ హోటలు మీదే.

నిరుడు చలికాలం మొదట్లో బండి మొరాయించింది. పది తన్నులు తంతే గాని లేచేది కాదు, లేచినా దగ్గుతూ నడిచేది. మా చెల్లెలి మొగుడే మెకానిక్కు, నాకు మరిది వరస. రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని ఉన్నాడు. ప్లగ్గు విప్పి చూపించాడు. కొస మసిబారి, అరిగిపోయి ఉంది. మార్చాలన్నాడు. మామూలుది ఒకటి, ఖరీదైనది ఒకటి, రెండు రకాలు ఉన్నాయట. ఖరీదుదాని ముక్కు సూది మొనలాగా సన్నగా ఉంటుందట, ఎక్కువ కాలం అరగదట.

"మన బండికి మామూలుది చాలు వదినా. అది పెట్టినా ఇదేం గుర్రం అయిపోదు" అన్నాడు.

అక్కడే నాకు అనుమానం తగిలింది. ఎక్కువ వెలది వద్దు, తక్కువ వెలది చాలు అనే మెకానిక్కును మీరెక్కడైనా చూశారా? మామూలుది పెడితే తొందరగా అరుగుతుంది. అరిగితే మళ్లీ వీడి షెడ్డుకే రావాలి. వచ్చినప్పుడల్లా ఇంకేదో ఒకటి విప్పుతాడు. మనసులో అలా లెక్క కట్టుకున్నాను. హోటలు యజమాని కారు నడిపే డ్రైవరును మా ఆయన చేత అడిగించాను. కారుకు నాలుగు ప్లగ్గులు ఉంటాయనీ, తాను నాలుగూ ఖరీదువే వేయించాననీ, ఇప్పుడు కారు నడుస్తోందో ఆగి ఉందో తెలియడం లేదనీ చెప్పాడట. ఆ మాటతో నేను ఖరీదుదే అని పట్టుబట్టాను.

దాన్ని కూడా మరిది చేత తెప్పించలేదు. నేనే నెల్లూరు బస్సెక్కి వెళ్లాను. అంగడతను రెండు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. వాటికి మొప్పలు లేవే, దేన్ని ఎత్తి చూసేది? డబ్బా అతుకు చూశాను, ప్లగ్గు మీది నంబరూ డబ్బా మీది నంబరూ ఒకటేనా అని అంకె అంకె వేలు పెట్టి చూశాను. అంగడతను నవ్వి, "పిల్లను చూసుకునే దానికి వొచ్చినావా అమ్మా" అన్నాడు. అననీ అనుకున్నాను. ఖాళీ డబ్బా మాత్రం పారెయ్యకుండా బియ్యం డబ్బా వెనక దాచాను.

మరిది ప్లగ్గు బిగించాడు. నేను పక్కనే నిలబడి రెప్ప వెయ్యకుండా చూశాను. నల్ల రబ్బరు టోపీ లాగడం, పాతది విప్పడం, కొత్తది తిప్పడం, టోపీ మళ్లీ నొక్కడం, అంతా కంఠతా పట్టేశాను. బండి ఒక్క తన్నుకు లేచింది.

ఇంటికొచ్చాక, మా ఆయన స్నానానికి వెళ్లినప్పుడు, నేను మా వాళ్లు చేసే పనే చేశాను. మాలో కొత్తది ఏది వచ్చినా పసుపు కుంకుమ పెట్టకుండా పనిలోకి దించరు. పడవకు ఒక పలక మారిస్తే ఆ కొత్త పలకకే బొట్టు పెడతారు, పాత పలకలకు పెట్టరు. మా అమ్మా అలాగే పెట్టేది, మా అత్తా అలాగే పెట్టేది. బండి దీపానికి ఆయుధ పూజ నాడే బొట్టు పెట్టాం. ఇప్పుడు కొత్తగా వచ్చింది ప్లగ్గు కాబట్టి, దానికే పెట్టాలి. చూసి నేర్చుకున్నాను గదా, టోపీ లాగి, తెల్లగా మెరుస్తున్న దాని మెడ చుట్టూ తడి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని టోపీ నొక్కేశాను.

మర్నాడు తెల్లవారి మంచు కురుస్తోంది. బండి లేవలేదు. లేచాక మళ్లీ అదే దగ్గు. ఆ రోజు మా ఆయన హోటలుకు చేరేసరికి ఎనిమిది దాటింది. మధ్యాహ్నం ఎండలో షెడ్డుకు తీసుకెళితే మరిది ఒక్క తన్ను తన్నాడు, గువ్వలాగా లేచింది. ఏమీ లేదే అన్నాడు. తర్వాత ఎండ కాసిన పొద్దుల్లో బాగా నడవడం, మంచు పట్టిన పొద్దుల్లో దగ్గడం. రెండు వారాలు ఇదే వరస.

నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. రెప్ప వెయ్యలేదని చెప్పాను గదా, కానీ మధ్యలో ఒకసారి మా చెల్లెలు టీ తెచ్చి ఇస్తే గ్లాసు అందుకోవడానికి తల తిప్పాను. ఆ క్షణంలో మార్చేశాడు. నా ప్లగ్గు ఎవరి బండికో పోయింది, మాకు తుడిచి మెరిపించిన పాతది తోశాడు. ఆ వారమే షెడ్డు బోర్డుకు కొత్త రంగు వేయించాడు. అది కూడా నాకు సాక్ష్యంలాగే కనబడింది. ఆదివారం ఆదివారం మా చెల్లెలికి ఒక చందువ చేప పక్కకు తీసి పంపేదాన్ని, అది మానేశాను. ఎందుకు మానేశానో చెప్పలేదు. అది అడగలేదు. అడగకపోవడం కూడా నాకు అనుమానమే.

మూడోసారి బండి చూపించడానికి వెళ్లినప్పుడు మరిది ప్లగ్గు విప్పి చూస్తానన్నాడు. నేను ఇంజను మీద చెయ్యి అడ్డం పెట్టాను. విప్పితే మళ్లీ ఏది మారుస్తాడో అని. అతను నా చెయ్యి వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు, పానాలు సర్దుకున్నాడు.

ఆ వారంలోనే హోటలు వంటాయన ఖరాఖండిగా చెప్పేశాడు, ఇంకొక్క రోజు ఆలస్యమైతే కోట ఊరి నుంచి వచ్చే వ్యానులో చేప తీసుకుంటానని. ఆ వ్యాను ఒకసారి గుమ్మం ఎక్కితే మేము దిగిపోయినట్టే.

రెండు రోజులకు దట్టమైన మంచు పడింది. పెట్టెలో వంజరం చేపలు, ఐస్, అన్నీ సిద్ధం. బండి ససేమిరా లేవలేదు. మా ఆయన నా మొహం చూడకుండా ఫోను తీసి తోడల్లుడికే చేశాడు. పావుగంటలో అతను తన బండి మీద వచ్చి దిగాడు.

"ఇప్పుడన్నా చెయ్యి తీస్తావా వదినా" అన్నాడు.

"తీస్తా. నా కళ్ల ముందరే విప్పు. ఏది జేబులో పడతాదో నేను చూసుకుంటా" అన్నాను. అంత మాట అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

అతను ప్లగ్గు విప్పనే లేదు. టోపీ లాగాడు, అంతే. లాగి, అలాగే వంగి ఉండిపోయాడు. వేలితో తడిమి, ఆ వేలు మా ఆయనకు చూపించాడు. పచ్చగా ఉంది.

"అన్నా, ఇదేంది, పసుపు?"

మా ఆయన నా వైపు తిరిగాడు. నేను ఇంకా తగ్గలేదు. "కొత్తది గదా, బొట్టు పెట్టినా. పెట్టకుండా ఎట్ట నడుపుతారు?" అన్నాను.

మరిది అప్పటికీ అరవలేదు. నన్ను పిలిచి, వంగి చూడమన్నాడు. పసుపు మీద వెంట్రుకంత సన్నగా ఒక నల్ల గీత, కాలిన గీత, పైనుంచి కిందికి దిగి ఉంది. నిప్పురవ్వ ప్లగ్గు లోపలి నుంచి కొసకు వెళ్లి అక్కడ అంటుకోవాలట. పైన ఈ పసుపు మంచుకు చెమ్మగిల్లితే, రవ్వ దాని మీదుగా బయటే జారి ఇంజను ఇనుములోకి పోతుందట. ఎండకు ఆరితే మళ్లీ మామూలే. అందుకే తన షెడ్డులో ఎప్పుడూ దొరకలేదు.

"దీనికి బంగారం ప్లగ్గు పెట్టినా ఇంతే వదినా. మామూలుది పెట్టుంటే నీకు దాని మింద ఇంత భక్తి పుట్టుండదు" అన్నాడు.

మా ఆయన నవ్వు ఆపుకోలేక పెట్టె తాడు సర్దే వంకతో అటు తిరిగాడు. మరిది పెట్రోలు గుడ్డతో మెడ శుభ్రంగా తుడిచి, పక్కకు జరిగి, నంబరు చూసుకోమన్నాడు. నాకు సిగ్గేసింది, అయినా లోపలికి వెళ్లి బియ్యం డబ్బా వెనక నుంచి డబ్బా తెచ్చి అంకె అంకె కలిపి చూశాను. నా ప్లగ్గే. బండి ఒక్క తన్నుకు లేచింది. ఏడున్నరకు ఐదు నిమిషాలు ఉందనగా వంజరాలు వంటాయన చేతిలో పడ్డాయని ఫోను వచ్చాక గాని నేను మంచినీళ్లు తాగలేదు.

ఆ ఆదివారం రెండు చందువలు తీసుకుని నేనే చెల్లెలి ఇంటికి వెళ్లాను. అది చేప తీసుకుని, మొప్ప ఎత్తి చూసి, లోపలికి వెళ్లింది. మా ఇంట్లో పుట్టిన ఆడది కాబట్టి అలా చూసిందా, మొగుడు అంతా చెప్పబట్టి చూసిందా, ఇప్పటికీ నాకు తేలలేదు. మరిది మాత్రం చెప్పలేదనే అంటాడు. నాకు నమ్మకం లేదు.

సరే, పొద్దు వాలింది, ఇక లేవండి. మీ గుమ్మం నుంచి పొద్దున్నే బయలుదేరే బండి ఒక్క తన్నుకే లేవాలి. దాని మీద వెళ్లినవాళ్లు వేళకు చేరి, వేళకు ఇంటికి రావాలి. మీ పొయ్యి మీద పులుసుకు, దాన్ని పంచుకునే తోబుట్టువులకు ఏనాడూ కొదవ లేకుండా మీ ఇల్లు చల్లగా ఉండాలి.