ఒకే తానులోంచి

మా మొలొకాయ్ దీవి తూర్పు ఒడ్డున పండక్కి ఏం కట్టుకోవాలో తోచని వాళ్ళందరూ ఉలులానీ ఇంటికే వెళ్తారు. ఆవిడ వరండాలో కుట్టు మిషను ఉంటుంది, దాని పక్కన ఒక చాప ఉంటుంది. ఆ చాపే ఆవిడ పెట్టే పరీక్ష. కుట్టిన మూమూ గౌను తొడుక్కున్న మనిషిని దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చోమంటుంది. తర్వాత రెండు చేతులూ పైకెత్తమంటుంది. చంకలో పట్టేసినా, మోకాలు బయటపడినా, "విప్పు తల్లీ, మళ్ళీ కుడతాను" అంటుంది.

"విందుకెళ్ళేది బొమ్మలా నిలబడ్డానికా? వంగి పెద్దవాళ్ళని ముద్దుపెట్టుకోవాలి, పిల్లల్ని ఎత్తుకోవాలి, లేచి ఆడాలి. రెండోసారి వడ్డించుకున్నాక కూడా ఆ బట్ట నీకు పట్టాలి" అని ప్రతివాళ్ళకీ చెబుతుంది.

మూమూ భుజాల నుంచి మడమల దాకా వదులుగా జారే గౌనే గానీ, ఆవిడ కుడితే అందులో ఎంత లావు మనిషైనా రాణీగారిలా నడుస్తుంది. పసిపిల్లల పండక్కి నల్లబట్ట తెస్తే ముట్టుకోదు. వయసులో ఉన్న పిల్లలు మెడ ఇంకాస్త దించమంటే, "మీ టూటూ ఎదురుగా కూర్చుంటుంది, ఆవిడకి చూపించాల్సినవేమైనా ఉన్నాయా?" అని అడుగుతుంది. నానమ్మ పేరు చెప్పగానే పిల్లల నోళ్ళు మూతపడతాయి. ఇక నన్నైతే ఆ చాప మీద ఎన్నిసార్లు ఓడించిందో. "నీ నోరు వదులు, బట్ట బిగువు. రెండూ అటుదిటు మార్చుకోవే" అంటుంది. పక్కింటిదాన్ని, చిన్నప్పటి నుంచీ కలిసి తిరిగినదాన్ని కనక పడతాను. ఇంకొకళ్ళంటే ఊరుకునేదాన్ని కాదు.

బిడ్డకి ఏడాది నిండితే మా వాళ్ళు ఊరంతా పిలిచి విందు చేస్తారు. ఆ రోజు ఇంటివాళ్ళందరూ ఒకే తానులోంచి కోసిన గుడ్డే కడతారు. మగవాళ్ళకి చొక్కాలు, ఆడవాళ్ళకి మూమూలు, బిడ్డకి బుల్లి గౌను. విందుకి ఎవరొచ్చినా పెట్టి పంపుతాం, కానీ ఆ గుడ్డ మాత్రం ఇంటివాళ్ళకే. ఎవరు ఎవరికి ఏమవుతారో ఫొటో చూస్తే తెలిసిపోతుంది.

ఉలులానీ మనవరాలు హీలేయ్‌కి ఏడాది నిండబోతోంది. నీలం నేల మీద తెల్లటి సీమపనస ఆకుల అచ్చు ఉన్న తాను తెచ్చి, కోసి కుట్టడం మొదలుపెట్టింది ఆవిడ. నేను గుండీలు ఏరుతున్నాను. అప్పుడు కూతురు కేహౌ పాపని చంకనేసుకుని వచ్చి మిషను ముందు నిలబడింది.

"అమ్మా, నాన్నకి కూడా ఒక చొక్కా కుట్టవా?"

మిషను ఆగింది. కేహౌ ఇంకా బడికి వెళ్ళని వయసులో ఉండగా దాని తండ్రి పిలిపో ఉద్యోగమంటూ హొనొలులు వెళ్ళి, అక్కడ ఇంకో ఇల్లు పెట్టాడు. మళ్ళీ ఈ గడప తొక్కలేదు. ఉలులానీ ఈ మిషను మీదే పిల్లని పెంచి పెద్దచేసింది.

"పిలిచావా?" అంది.

"పిలిచాను. ఆయనా, ఆవిడా ఇద్దరూ వస్తామన్నారు."

"రానీ. పంది ఉంది, చేపలున్నాయి, కడుపునిండా తినమను. గుడ్డ మాత్రం అడక్కు."

"అందరూ నీలంలో ఉండి ఆయనొక్కడే వేరే చొక్కాలో ఉంటే, ఫొటోలో దారిన పోయేవాడిలా ఉంటాడమ్మా."

"మరి దారినే పోయాడుగా!" అన్నాను, ఉండబట్టలేక.

"ఆంటీ, మీరు కాసేపు ఊరుకుంటారా?" అని నా మీద కసిరింది కేహౌ. తర్వాత తల్లి వైపు తిరిగేసరికి దాని గొంతు మెత్తబడింది. "నాన్న మనలో ఒకడిగా ఉండగా నేనెప్పుడూ చూసినట్టు గుర్తులేదమ్మా. ఒక్కరోజు చూస్తాను."

ఉలులానీ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. కేహౌ పాపని ఎగదోసుకుని వెళ్ళిపోయింది.

విందు ముందురోజు నేను వెళ్ళేసరికి మిగతా బట్టలన్నీ ఇస్త్రీ అయి వేలాడుతున్నాయి. ఆవిడ నేల మీద ఒక పెద్ద గుడ్డ పరుచుకుని కత్తెర ఆడిస్తోంది.

"ఏ పడవకే ఈ తెరచాప?" అన్నాను.

"ఆ మహానుభావుడికి."

"కుట్టనన్నావుగా!"

"ఆయన అడిగితే కుట్టేదాన్ని కాదు. అడిగింది పిల్ల."

పిలిపో కొండంత మనిషి. అలాంటివాడికి కాగితం మీద కొలత లేదు, పాత చొక్కా లేదు. అయినా కత్తెర ఎక్కడా తడబడలేదు. భుజం ఇంత, ఛాతీ ఇంత అని చేతికి తెలిసినట్టే కోసేసింది. "కొలత లేకుండా ఎలాగే?" అన్నాను. "మర్చిపోదామనే చూశాను, కుదర్లేదు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆవిణ్ణి చూస్తే ఏడుపొచ్చింది, పిలిపో మీద ఒళ్ళు మండింది. ఆవిడ మాత్రం జేబు మీది ఆకు చొక్కా మీది ఆకుతో సరిగ్గా కలిసేదాకా జేబుని విప్పి విప్పి కుట్టింది. "కోపముంటే నాకుంటుంది, కుట్టుకెందుకు?" అంది. అందుకే ఆ మనిషంటే నాకంత గౌరవం.

మర్నాడు మధ్యాహ్నానికి పెరడంతా నీలమైపోయింది. గోతిలో పూడ్చి ఉడికించిన పందిని తీశారు, కాగిన రాళ్ళ మీంచి ఇంకా ఆవిరి లేస్తోంది. అంకుల్స్ బుల్లి గిటార్లలాంటి ఉకులేలేలు మీటుతున్నారు. చాపల మీద ఆకులు పరిచి చేమదుంప ముద్ద, చేపలు, కొబ్బరి ముక్కలు వడ్డిస్తున్నారు. కేహౌ చేతులు వడ్డనలోనే ఉన్నా కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. ఇస్త్రీ చేసిన ఆ పెద్ద చొక్కా గుమ్మం దగ్గర తగిలించి ఉంది.

విమానాశ్రయం నుంచి వచ్చిన బండిలోంచి ఒక్కతే దిగింది. పొట్టి మనిషి, మెరిసిపోయే ముదురెరుపు గౌను ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఎత్తుమడమల చెప్పులు గడ్డిలో దిగబడుతున్నాయి. చేతుల్లో పెద్ద మిఠాయి పెట్టె. ఆవిడే నెనితా, పిలిపో రెండో భార్య. మేమెవరమూ అంతకుముందు చూసెరగం.

ఆవిడ నేరుగా కేహౌ దగ్గరికే వచ్చింది. "మీ నాన్న రాలేదమ్మా. హొనొలులు విమానాశ్రయం దాకా వచ్చి కారు దిగలేదు. మొహం చెల్లడం లేదన్నాడు. మాటిచ్చి ఎవరూ రాకపోతే నువ్వు బాధపడతావని నేనొచ్చాను" అంది.

కేహౌ పెట్టె అందుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఉకులేలేలు ఆగిపోయాయి.

ఎవరో చాప చూపించి కూర్చోమన్నారు. నెనితా వంగబోయింది, గౌను వంగనివ్వలేదు. "ఫర్వాలేదండీ, నిలబడతాను" అంది. పక్కనున్న ఆడవాళ్ళు మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు. ఉలులానీ చేతిలోని గిన్నె కింద పెట్టి వచ్చి, ఆవిణ్ణి కిందికీ పైకీ చూసింది.

"ఈ బట్టలో ఊపిరాడుతోందా నీకు?"

"ఆడట్లేదక్కా" అంది నెనితా. "మీ ముందు తక్కువగా కనపడకూడదని ఆయనే దగ్గరుండి కొనిపించాడు."

"ఆయనకేం, వేసుకునేది ఆయన కాదుగా. లోపలికి రా."

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గరున్న చొక్కా తీసుకుంది. నేను వెనకాలే పరిగెత్తాను. "అది పిలిపోదే!" అన్నాను. "వచ్చేవాళ్ళ కోసం కుట్టాను. వచ్చింది ఈవిడ" అంది.

పిలిపో చొక్కా నెనితాకి మోకాళ్ళు దాటింది. చేతులు మోచేతుల కిందికి దిగాయి. ఉలులానీ గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని, కింద తన పాత నీలం లంగా ఒకటి తొడిగించి, చొక్కా చేతులు మడిచి టాకాలు వేసింది. చెప్పులు విప్పించింది. తర్వాత వరండాలోకి తెచ్చి, ఆ పరీక్ష చాప చూపించి, "కూర్చో. చేతులెత్తు" అంది. నెనితా కూర్చుని రెండు చేతులూ ఎత్తి, ఊరికి వచ్చాక మొదటిసారి నవ్వింది.

అప్పుడే కేహౌ వంటింట్లోంచి వచ్చింది.

"అమ్మా! అది నాన్న చొక్కా!"

నెనితా గబుక్కున లేచి గుండీల మీద చెయ్యి వేసింది. "విప్పేస్తానమ్మా. నాకు తెలీదు."

"ఎవరూ ఏమీ విప్పక్కర్లేదు" అంది ఉలులానీ. గొంతు పెంచలేదు. "నువ్వడిగావని కుట్టాను కేహౌ. నేను చెయ్యగలిగింది అంతే. ఆయన మనవాడే, అయినా కారు దిగడానికి భయపడ్డాడు. మనమెవరమో తెలియని మనిషి, మనం ఏమంటామోనని భయపడుతూనే విమానమెక్కింది. ఎవరి కోసమంటావు?"

కేహౌ కన్నీళ్ళు తుడుచుకోకుండానే పాపని ఎత్తుకుని పెరట్లోకి నడిచింది. నెనితా మెల్లగా వెనకాలే వచ్చింది గానీ, ఎవరికీ అడ్డం రాకూడదన్నట్టు గిన్నెల బల్ల పక్కన నిలబడిపోయింది.

అంకుల్స్ ఫొటోకి కేకలేశారు. ఇంటివాళ్ళు వరసలు కట్టారు. తీసేది నేనే. ముందు వరసలో నిలబడ్డ కేహౌ ఏమనుకుందో, వరస వదిలి బల్ల దగ్గరికి వెళ్ళింది. నెనితా మెడ వెనక కాలరు లోపలికి మడతపడి ఉంది. పొద్దుటి నుంచీ తండ్రి కోసం కాచుకున్న ఆ చేతులతో కేహౌ దాన్ని బయటికి తీసి సర్దింది, భుజాల మీద ముడత సాపు చేసింది. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, తన పక్కన, తండ్రికని ఉంచిన చోట నిలబెట్టింది. పాపని ఆవిడ చేతుల్లో పెట్టింది.

"గట్టిగా పట్టుకో పిన్నీ, ఊరికే కదులుతుంది" అంది.

నేను ఫోను ఎత్తాను. కళ్ళు మసకేసి ఎక్కడ నొక్కానో తెలియలేదు గానీ, ఫొటో బాగానే వచ్చింది.