వదిన పెట్టిన పూతరేకులు

మా వారికి కీమో జరుగుతున్న రోజులవి. రాజమండ్రి ఆస్పత్రి నుంచి కారులో వస్తూ ఆత్రేయపురంలో ఆయన అక్కగారింట్లో ఆగాం. వాంతులు తగ్గి, మజ్జిగన్నం అప్పుడప్పుడే ఇముడుతోంది. నెయ్యి, తీపి వద్దని డాక్టరుగారు చెప్పే పంపారు.

"ఎంత చిక్కిపోయావురా! నా చేత్తో చుట్టినవి, ఒక్కటి తినరా" అంటూ వదిన నేతి పూతరేకు నోటికందించారు. ఆయన కాదనలేక రెండు తిన్నారు.

రావులపాలెం చేరేసరికి కడుపు పట్టుకుని, "కారాపించు" అన్నారు. దిగేలోపే బట్టలు పాడయ్యాయి. అరటిపళ్ల మార్కెట్లో ఒకామె, "సిగ్గేంటి బాబుగారూ, ఇటు రండి" అని గెలల చాటున దుప్పటి అడ్డం పట్టింది. విరేచనాలు ఆగలేదు. పెదవులు ఎండిపోయాయి. ఓఆర్‌ఎస్ గుక్కగుక్కగా పట్టిస్తూ మళ్లీ ఆస్పత్రికే బయలుదేరాం. చల్లబడుతున్న ఆయన చేతిని దారంతా వదల్లేదు.

సెలైన్ ఎక్కాక ఆయన అన్న మొదటి మాట, "అక్కకి చెప్పకు."

ఆ గండం గడిచింది. ఏడాది తిరగకుండా ఆయన పోయారు.

వదిన పత్రికలు చదవరు కాబట్టి ఇది రాస్తున్నాను. "ఆ రోజు మా ఇంట్లో తృప్తిగా తిన్నాడు కదమ్మా?" అని ఇప్పటికీ అడుగుతారు.

"తిన్నారు వదినా" అంటాను. మిగతాది చెప్పను కానీ, ఆ మాట అబద్ధం కాదు.