జీపన్న పిస్తోలుకు ఎర్ర చుక్క

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలేవీ అక్కర్లేదు. ఎండ చాలు. అనంతపురంలో ఎండకు కొదవా? ఇప్పుడు పెళ్ళయి, నెత్తిన జుట్టు పలచబడి, నిదానస్థుడని నలుగురి చేతా అనిపించుకుంటున్నాను గానీ, ఈ ఒక్క సంగతి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. దసరా నెలలో మా ఆవిడ నా ముందు పిస్తోలు మాటే ఎత్తదు. (మామూలు ఇళ్ళలో ఏ నెలలోనూ ఎత్తరనుకోండి.)

మా పెదనాయనకు టౌనులో తుపాకులు రిపేరు చేసే షాపు ఉండేది, సర్కారు లైసెన్సుతో. మా వైపు భూములున్నవాళ్ళకూ, రాజకీయాల్లో తిరిగేవాళ్ళకూ నడుముకు పిస్తోలుంటే అదో దర్జా. వాన మొహం చాటేసి వేరుశనగ ఎండిపోయినా సరే, పిస్తోలుకు నూనె పట్టించడం మాత్రం మానేవారు కాదు. నేను ఐటిఐ ముగించి ఆయన దగ్గర పనికి చేరాను. చేరానన్న మాటే గానీ, ఇనుము చెక్కే మిల్లింగ్ మెషీన్ దరిదాపులకు రానిస్తేనా! ఇనుప రజను ఊడ్వడం, టీ తేవడం, మళ్ళీ ఊడ్వడం. అడిగితే, "చూసి నేర్చుకోరా. ముట్టుకుంటే చేతులిరగ్గొడతా" అనేవాడు. చూసీ చూసీ నా కళ్ళు కాయలు కాశాయి గానీ ఆయన మనసు కరగలేదు.

అలాంటి రోజుల్లో కంబదూరు వైపు నుంచి ఒక పెద్ద ఆసామి దిగాడు. ఎప్పుడు చూసినా జీపు, వెనక అనుచరులు. మేం జీపన్న అనేవాళ్ళం. వచ్చీ రాగానే సెల్లులో వీడియో చూపించాడు. "ఏమప్పా పెద్దాయనా, నా పిస్తోలుకు ఈ ఎర్ర చుక్క పెట్టల్ల. గురి చూసే పనే ల్యాదంట. చుక్క యాడుంటే గుండు ఆడికే పోతాదంట!" ఆ గాజు పరికరం కూడా కొనుక్కొచ్చాడు. చిన్న అద్దం లాంటిది. స్విచ్చి వేస్తే అందులో ఎర్ర చుక్క వెలుగుతుంది. దాన్ని బిగించాలంటే పిస్తోలు మీద ముందుకూ వెనక్కూ జారే ఇనుప భాగం ఉంటుందే, స్లైడు అంటారు, దాని వీపున గాజు కూర్చునేంత గుంట మిల్లింగ్ చేయాలి. ఎక్కువ కోస్తే స్లైడు గోవిందా. కోసిన ఇనుము మళ్ళీ అతుక్కోదు.

పెదనాయన కళ్ళకు అప్పటికే పొర వచ్చింది. ఆ సంగతి జీపన్న ముందు ఒప్పుకోవడానికి నామోషీ. పని వద్దనడానికి అంతకన్నా నామోషీ. నన్ను పక్కకు లాగి, "నువ్వు చెయ్. చెడగొడితే మళ్ళా నా షాపు గడప తొక్కొద్దు" అన్నాడు. ఇంకొకడైతే ఆ మాటకు జడుసుకునేవాడు. నాకు మాత్రం మెషీన్ దొరికిందన్న సంతోషంలో అది దీవెనలాగా వినిపించింది.

ఆ పని చేసినంతసేపూ ఊపిరి తీసుకున్నానో లేదో గుర్తులేదు. గాజును గుంటలో పెడితే గోటికి కూడా సందు తగల్లేదు. స్విచ్చి వేసి గోడకేసి చూస్తే చుక్క చక్కగా నిలబడింది. బ్యాటరీ ఎందుకు దండగని ఆర్పేశాను. పెదనాయన బొటనవేలితో అంచంతా తడిమి "ఊఁ" అన్నాడు. ఆయన నోటి నుంచి "ఊఁ" రావడమంటే ఇంకొకరు శాలువా కప్పినట్టు.

మర్నాడు ఆయుధపూజ. మెషీన్లు కడిగి, పనిముట్లన్నీ పీటల మీద పేర్చి, జీపన్న పిస్తోలునూ వాటి మధ్య పెట్టాం. గంధం, కుంకుమ పెట్టడం పెదనాయన హక్కు. ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు. పూజ చేసినవాటిని మర్నాటిదాకా మేం ముట్టుకోనూ కూడదు. ఆయనే బొట్లు పెట్టాడు, ఆయనే పిస్తోలును డబ్బాలో పెట్టి మూశాడు. నేను దూరంగా నిలబడి దండం పెట్టుకున్నాను.

విజయదశమినాడు కొండపక్కన, కాల్చి చూసేందుకు మాకు అనుమతి ఉన్న చోట, మట్టికుండ ఒకటి పెట్టాం. జీపన్న పిస్తోలును కళ్ళకద్దుకున్నాడు. పిడి మీది కుంకుమ తుడుచుకుని గాజులోకి చూశాడు. "అన్నా, స్విచ్చి..." అని నేను నోరు తెరిచానో లేదో, "పెద్దోళ్ళ ముందర నోరెత్తొద్దు!" అని కసిరాడు పెదనాయన. సరే, ఎత్తలేదు.

"ఆహా! కనపడతాండాదప్పా చుక్క! ఎంత లావుండాదో!" అంటూ జీపన్న పేల్చాడు. కుండ కదల్లేదు. మళ్ళీ పేల్చాడు. కొండ మీద దుమ్ము లేచింది. "చుక్క నిలబడదేందప్పా? నేను తల తిప్పితే అదీ తిరుగుతాండాది!"

"పిల్లోడు వంకరగా కోసినాడేమోన్నా" అన్నాడు వెనకనుంచి ఒక అనుచరుడు. (జీపన్ననైనా క్షమిస్తాను గానీ వాణ్ణి క్షమించను.)

పెదనాయన చూశాడా, అడిగాడా? గుళ్ళు తీసేసి పిస్తోలును బండ మీద పెట్టి, అందరి ముందూ నా మీద పడ్డాడు. "నాకు తెలుసు! నీ చేత కాదంటే విన్యావా? రేపట్నుంచి షాపుకు రావద్దు!" మొన్న "ఊఁ" అన్న నోరే! నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. ఆ పిస్తోలు తీసుకుని గాజును కంటి దగ్గర పెట్టుకున్నాను. స్విచ్చి వెయ్యనే లేదు. అయినా చుక్క ఉంది. గంధం వాసన కూడా వస్తోంది!

నాకు నవ్వు రాలేదు, ఒట్టు. నవ్వు చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది. భుజం మీది గుడ్డ లాగి గాజును బరబరా తుడిచాను.

"రేయ్! చుక్క తుడిచేసినాడప్పా!" జీపన్న గుండె బాదుకున్నాడు.

"అది చుక్క కాదన్నా, కుంకం! మా పెదనాయన పూజ చేసినాడు! ఇదిగో, ఇదీ చుక్క! ఇప్పుడు కాల్చుకో!" అని అరుస్తూ స్విచ్చి వేశాను. జీపన్న మళ్ళీ గుళ్ళు నింపుకుని పేల్చాడు. ఈసారి కుండ పెంకులైంది. "నేనప్పుడే అనుకుంటి" అన్నాడు జీపన్న. అనుచరుడు తలూపాడు.

మరి మా పెదనాయన ఏమన్నాడనుకున్నారు? "పండగ పూట పూజ చేసిన బొట్టును నూనె గుడ్డతో తుడుస్తావా? బుద్ధి ఉండాదా?" అన్నాడు! ఆ గుడ్డను ఆయన కాళ్ళ దగ్గర విసిరికొట్టి, ఎండలో ఇంటిదాకా నడిచిపోయాను. తర్వాత పెద్దమ్మ పండక్కి చేసిన ఓళిగలు తీసుకుని వచ్చింది. "మెషీన్ మింద ఎవురూ ల్యారు. రమ్మంటాండాడు" అంది. "ఆయన్నే వచ్చి పిలవమను" అన్నాను. "ఆయన యాడన్నా వస్తాడా నాయనా?" అని నవ్వింది. మెషీన్ కోసం పోయాను, ఆయన కోసం కాదు. ఆనాటి నుంచి మెషీన్ నాదే అయింది గానీ, ‘తప్పు నాదిరా’ అన్న ముక్క మాత్రం ఆయన నోట రానే లేదు.

ఇప్పుడు షాపు నేనే చూస్తున్నాను. పెదనాయనకు చూపు దాదాపు పోయింది. అయినా ఆయుధపూజ బొట్లు ఆయనే పెట్టాలి. మొన్నటి పండక్కి ఒక్కో పనిముట్టునూ తడుముకుంటూ వచ్చి, ఎవరిదో పిస్తోలు మీద ఆగాడు. ఎడమచేతికి చల్లగా ఏదో తగిలింది. కుడి బొటనవేలి నిండా కుంకుమ.

"ఇది గాజు గదరా?"

"అవును పెదనాయనా."

"దీనికి వద్దులే" అన్నాడు. కుంకుమ అంటిన వేలిని ఏం చేయాలో తెలియనట్టు కాసేపు గాల్లోనే ఉంచాడు. తర్వాత నా ముఖం తడిమి, ఆ బొట్టు నా నుదుట పెట్టేశాడు.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. వంకరగా, దాదాపు కనుబొమ మీద పెట్టాడు మహానుభావుడు. మా ఆవిడ నవ్వి, తుడుచుకోమని తువ్వాలు అందించింది. కోపం ఇంకా పోలేదని ఆమెకు గట్టిగా చెప్పి, తువ్వాలు తిరిగి ఇచ్చేశాను.