షీబా రాసిన పేజీ

బుచ్చిరాజు మంచివాడని అవనిగడ్డలో పేరు. చేతి నుంచి ఏమీ పోనంతకాలం మంచితనం ఎవరికైనా కుదురుతుంది. అతనికి ఐదేళ్లు కుదిరింది.

గుడ్లవల్లేరువాడు. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి అవనిగడ్డలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరర్‌గా చేరాడు. ప్రతి వేసవికీ ఆ ఉద్యోగం పోతుంది. జూన్‌లో కమిటీ దయతలిస్తే మళ్లీ వస్తుంది. ఆ కమిటీకి పెద్ద నాగభూషణరావు గారు. ఫైనలియర్ పిల్లలు చదవాల్సిన పాఠ్యపుస్తకం రాసిందీ ఆయనే.

బుచ్చిరాజు ఆ పుస్తకాన్ని పక్కన పెట్టేశాడు. లైబ్రరీలో ఉన్న ఒక్క కాపీకీ చెదలు పట్టింది. కొనుక్కోమంటే హంసలదీవి వైపు నుంచి వచ్చే పిల్లలు తల దించుకునేవాళ్లు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని రాసినవాళ్లే అనుమతిచ్చిన పాఠాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. వాటిని తెలుగు చేసి, ఇక్కడి చెట్ల ఫొటోలు చేర్చి, పిల్లల ఫోన్లకి లింకు పంపాడు. అంతటితో ఊరుకోలేదు.

"ఇది నా ఒక్కడి పుస్తకం కాదర్రా. మీరూ తలో పేజీ రాయండి. మీ ఊళ్లో కళ్లారా చూసింది రాయండి" అన్నాడు.

మిగతావాళ్లు ఏదో రాశామనిపించారు. షీబా మాత్రం ప్రాణం పెట్టి రాసింది. వాళ్ల నాన్న పడవ కట్టేచోట మడచెట్లున్నాయి. ఉప్పు బురదలో గాలి అందక వాటి వేళ్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఎలా ఊపిరి తీసుకుంటాయో, ఆకు నాకితే ఉప్పగా ఎందుకుంటుందో రాసింది. బుచ్చిరాజు దాన్ని క్లాసులో చదివి వినిపించి, కింద ఆమె పేరు పెట్టాడు. ఆ పేరు చూసుకోవడానికి షీబా వాళ్లమ్మ చాలా రోజులు ఫోను అడుగుతూనే ఉంది.

షీబాకి బీఈడీ ఎంట్రన్సులో మంచి ర్యాంకొచ్చింది. డిగ్రీ చివరి సెమిస్టర్ గట్టెక్కితే చాలు, టీచరు చదువులో చేరిపోవచ్చు.

ఆ పరీక్షల పేపర్లు దిద్దడానికి బందరులో స్పాట్ వాల్యుయేషన్ పెట్టారు. లెక్చరర్లందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి దిద్దిస్తారు. పేపర్ల మీద పేర్లుండవు, కోడ్ నంబర్లే. బుచ్చిరాజు కూర్చున్న వరసకి చీఫ్ నాగభూషణరావు గారు. మడచెట్ల ప్రశ్న వచ్చింది. ఒక పేపర్లో 'మా నాన్న పడవ కట్టేచోట' అన్న మాట కనపడగానే అది ఎవరిదో బుచ్చిరాజుకి తెలిసిపోయింది. కారణాలన్నీ సరిగ్గా ఉన్నాయి. శాస్త్రీయ నామం కూడా ఉంది. మురిసిపోయి పదికి ఎనిమిది వేశాడు.

చీఫ్ గారు తనిఖీకి అందుకున్న పేపరు అదే అయింది.

"ఇదేం ఆన్సరయ్యా! మా నాన్న పడవ కట్టేచోటా..." అంటూ ఆయన గొంతు సన్నగా చేసి, సాగదీసి చదివారు. హాలంతా తలెత్తి చూసింది. "ఆకు నాకితే ఉప్పగా ఉంటుందీ... నాకిందటయ్యా! బోటనీ నాకి నేర్చుకునే పిల్లలు బయల్దేరారు."

హాలంతా పగలబడి నవ్వింది. బుచ్చిరాజూ నవ్వాడు. దాచి లాభం లేదు, అందరికంటే కాస్త గట్టిగానే నవ్వాడు.

"దీనికి ఎనిమిది వేసిన మహానుభావుడెవరు? నువ్వేనా?"

"పొరపాటైందండీ."

"నా పుస్తకంలో ఉన్న హెడ్డింగుల్లో ఒక్కటైనా ఉందా ఇందులో? ఫోన్లో ఊరికే వచ్చే పాఠాలు చదివితే మార్కులూ ఊరికే వస్తాయనుకుంటున్నారు. వీళ్లకి అవి చెప్పే మొనగాడెవడో జూన్‌లో కమిటీలో తేల్చేద్దాం."

బుచ్చిరాజు ఎర్ర పెన్నుతో ఎనిమిది కొట్టేసి రెండు వేశాడు. తర్వాత పేజీలు వెనక్కి తిప్పి, మిగతా జవాబులకి తను వేసిన మార్కులు కూడా కోసేశాడు. ఆ పని ఆయన చెయ్యమనలేదు.

జూన్‌లో కమిటీ అతనికి ఉద్యోగం మళ్లీ ఇచ్చింది. అదే వారం రిజల్ట్సొచ్చాయి. షీబా ఆ ఒక్క పేపరూ ఫెయిలైంది. బీఈడీ ఆ ఏటికి లేనట్టే. మర్నాడు స్టాఫ్‌రూముకి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ఎక్కడ తప్పు రాశానో తెలీట్లేదండీ. మన పుస్తకంలో ఉన్నట్టే రాశాను సార్."

గదిలో ఇంకెవరూ లేరు. నిజం చెప్పాలనుకుంటే అడ్డేమీ లేదు.

"పరీక్షలో సొంత కబుర్లు రాయకూడదమ్మా. నేను చెప్పలేదూ?" అన్నాడు బుచ్చిరాజు.

అతను ఏనాడూ చెప్పలేదు. చెప్పే ఉంటారు, తనే వినలేదేమో అనుకుని షీబా తలూపింది.

"రీవాల్యుయేషన్‌కి పెట్టమంటారా అండీ?"

"ఎందుకమ్మా, దండగ. దిద్దినవాళ్లు జాగ్రత్తగానే దిద్దుంటారు."

షీబా కళ్లు తుడుచుకుంది. "అయితే ఒక్క సాయం చేయండి సార్. నా పేజీ తీసేయండి. జూనియర్లు అది చదివి, నాలాగే రాసి ఫెయిలైతే వాళ్ల ఉసురు నాకు తగుల్తుంది."

బుచ్చిరాజుకి ప్రాణం లేచొచ్చింది. ఆ పేజీని ఏ వంకతో తీసేయాలా అని బందరు నుంచి వచ్చినప్పట్నుంచీ సతమతమవుతున్నాడు. ఇప్పుడు ఆ పిల్లే అడిగింది. ఫోను తీసి, ఆమె ఎదురుగానే పేజీ తీసేసి, నమ్మకం కలగడానికి ఫోను ఆమె వైపు తిప్పి చూపించాడు.

"చాలా థాంక్సండీ" అంది షీబా.

"పర్లేదమ్మా" అన్నాడు బుచ్చిరాజు.