తొమ్మిదో ప్రశ్న, రెండోసారి

ఎంబాలె ఊళ్లో ఎవరు పోయినా శవపెట్టె చేసే వడ్రంగికన్నా ముందు కబురు అందేది ముదోమా సారుకే. పూడ్చేముందు పోయినవాళ్ల జీవితచరిత్ర మైకులో చదవకపోతే అక్కడ ఎవరికీ మనసొప్పదు. చదివితే ముదోమా సారే చదవాలి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు దించాలో ఆయనకు పుట్టుకతోనే తెలుసేమో! పోయినవాడితో పదేళ్లుగా మాటల్లేనివాళ్లు కూడా ముక్కు చీదుకునేవారు.

జీతానికి మాత్రం ఆయన బడిలో కంప్యూటర్ల గది చూసుకునేవాడు. పదకొండు కంప్యూటర్లు, ఒక దుమ్ముగుడ్డ, ఆయన. చదవలేక తంటాలుపడే పిల్లల కోసం బ్రౌజర్‌లో ఒక సాధనం పెట్టించాడు. మీట నొక్కితే తెరమీది వాక్యం పసుపురంగుకు తిరుగుతుంది, అదే వాక్యాన్ని ఒక గొంతు చెవిలో చదివి వినిపిస్తుంది. ఆ గొంతుకు సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు. "దీనికి చదవడం నేర్పిన సన్నాసి ఎవడో గానీ, ఒక్క చావుకైనా వెళ్లినట్టు లేడు," అని విసుక్కునేవాడు ముదోమా సారు.

ఖైంజాకు మాత్రం ఆ గొంతే ప్రాణం. పదమూడేళ్ల పిల్ల. పుస్తకం తెరిస్తే ఆమెకు అక్షరాలు కుదురుగా నిలవవు. చెవిన పడితే మాత్రం ఒక్కసారికే పట్టేస్తుంది. ఒకే తరగతిలో రెండేళ్లుగా ఉండిపోయింది. ఈసారీ తప్పితే బడి మాన్పించి బజారులో ఎండుచేపల బుట్ట దగ్గర కూర్చోబెడతానని ఆమెను పెంచుతున్న పిన్ని తేల్చి చెప్పేసింది.

ఆ గొంతు ప్రశ్నలు చదువుతుంటే విని జవాబులు కాగితంమీద రాయాల్సిన పరీక్ష. సరిగ్గా ఆ రోజునే కరెంటు పోయింది, దాంతోపాటు నెట్టూ పోయింది. ఖైంజా ఏడవలేదు. నల్లబడిన తెరముందు హెడ్‌ఫోన్లు తియ్యకుండా అలాగే కూర్చుంది.

"నేను చదివిపెడతాను మేడం," అన్నాడు ముదోమా సారు.

పరీక్ష చూడ్డానికి వేరే బడి నుంచి వచ్చిన నందూదు మేడం ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీరా? వద్దులెండి బాబూ! మా మామ ఇరవై ఏళ్లు నన్ను కాల్చుకుతిన్నాడు. అలాంటివాడి గురించి మీరు చదువుతుంటే వెక్కివెక్కి ఏడ్చానండీ నేను! ఆ గొంతుతో జవాబు చెప్పెయ్యడం మీకెంతసేపు?"

"చెప్పను మేడం."

"అయితే గోడవైపు తిరిగి చదవండి. ఒక్కో ప్రశ్న రెండుసార్లు, అంతే. ఏ మాటైనా కాస్త ఒత్తి పలికారో, కాగితం లాగేసుకుంటా."

గోడకు మొహం పెట్టి, తను ఇన్నాళ్లూ తిట్టిన యంత్రంలాగే చదివాడు. మొదటి ప్రశ్నకే చొక్కా తడిసిపోయింది. ఖైంజాకు జవాబు గొణుక్కుంటూ రాసే అలవాటు. మొదటి ఎనిమిదింటికీ సరిగ్గానే గొణిగింది.

"తొమ్మిది. రక్తాన్ని వడకట్టేది ఏది? గుండె. ఊపిరితిత్తులు. మూత్రపిండాలు. కడుపు."

"గుండె," అంది వెనకనుంచి ఖైంజా గొంతు.

రెండోసారి చదవడం ఇంకా మిగిలే ఉంది. మూత్రపిండాల దగ్గర రెప్పపాటు ఆగితే చాలు, పిల్ల పట్టేస్తుంది. అలా ఆగడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. మేడం కనిపెట్టలేకపోవచ్చు కూడా. ఎండుచేపల బుట్ట కళ్లముందు మెదిలింది. అయినా నాలుగు మాటలూ నాలుగు ఇటుకలు పేర్చినట్టు చదివేశాడు. వెనక పెన్ను గీసిన చప్పుడైంది.

ఆ శనివారం, ముక్కూమొహం తెలియని ఓ ముసలాయన చరిత్ర చదవడానికి వెళ్లి సగంలో తనే భోరుమన్నాడు. చుట్టమేమో అనుకున్నారు జనం.

ఫలితాలొచ్చాయి. ఖైంజా గట్టెక్కింది. జవాబుపత్రం పట్టుకుని కంప్యూటర్ల గదికి వచ్చింది.

"తొమ్మిదోది తప్పు సారూ. మీకు తెలుసు కదా?"

"తెలుసు తల్లీ." ఆయన తెరలు తుడుస్తూ తలెత్తలేదు. "నాలుగు తిట్టుకో నన్ను."

ఖైంజా కాగితంమీద ఒప్పు గుర్తులను ఒక్కొక్కటిగా వేలితో లెక్కపెట్టింది.

"అయితే మిగతావన్నీ నేను చేసినవే అన్నమాట," అంది.