గుండీ కళ్ళు

వీధిలో అందరూ ఆమెను బొమ్మలావిడ అంటారు. పదిహేనేళ్ళుగా ముందుగదిలో కూర్చుని గుడ్డబొమ్మలు కుట్టడం, ఆ గది కిటికీలోంచే అమ్మడం. బొమ్మల అందమంతా కళ్ళలోనే ఉంది. కళ్ళుగా పెట్టే గుండీలను ఆమె బిగించి కుట్టదు, కాస్త దారం వదులుతుంది. చేతిలోకి తీసుకుంటే చూపు అటూ ఇటూ మళ్ళుతుంది. మధ్యాహ్నపు ఎండలో అవన్నీ ఎవరో రాబోతున్నట్టు వీధిలోకి చూస్తూ ఉండేవి.

ఒకరోజు పురపాలక కార్యాలయం నుంచి తనిఖీకి ఒకామె వచ్చింది. ఇంట్లో చేసి ఇంట్లోనే అమ్ముకున్నా అనుమతి పత్రం ఉండాలట. పనిగది వంటింటికి వేరుగా ఉండాలి. ఉంది. ఎవరు చేశారో, లోపల ఏం కూరారో ప్రతి బొమ్మకీ చీటీ కుట్టాలి. అదెంత పని. చివరికి తనిఖీకి వచ్చినామె ఒక బొమ్మ కంటిని రెండు వేళ్ళతో పట్టి లాగింది. గుండీ ఊడి అరచేతిలో పడింది.

"పసిపిల్లయితే ఈపాటికి మింగేసేదమ్మా," అంది మెల్లగా.

పది రోజుల్లో మళ్ళీ వస్తానని, అప్పుడూ ఊడితే అనుమతి రాదని, అంతవరకు కిటికీ తెరవొద్దని చెప్పి వెళ్ళింది.

బొమ్మలావిడ గుండీలు బిగించి చూసింది. బొమ్మలన్నీ గుడ్లురుముతున్నట్టు తయారయ్యాయి. పైగా గట్టిగా లాగితే అవీ ఊడాయి. బస్సు నడిపే భర్త ఒకదాన్ని చూసి, అచ్చం తమ డిపో మేనేజరేనని నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

"ఇన్నేళ్ళూ పసివాళ్ళ చేతికి ఏమిచ్చానో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోందండీ," అంది.

ఆరోరోజు మధ్యాహ్నం అత్తగారు దూది కూరుతూ కూరుతూ, కళ్ళు లేని బొమ్మను ఒళ్ళో పెట్టుకుని కునుకు తీసింది. గుమ్మం తెర సన్నగా ఊగుతోంది. గాలిలో దూదిపింజలు దిగీ దిగనట్టు తేలుతున్నాయి. కలలో ఎవరు పలకరించారో, ముసలావిడ పెదవులు కదిలాయి. మూసిన రెప్పల కింద ఏదో మంచి లోకం ఉన్నట్టుంది. బొమ్మలావిడ చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయింది. తరవాత చప్పుడు కాకుండా బొమ్మను తీసుకుని, నల్లదారంతో రెండు వంపులు, ఒక్కోదాని కింద మూడేసి రెప్పవెంట్రుకలు కుట్టింది.

అత్తగారు లేచి బొమ్మ ముఖం తడిమింది. "దీని కళ్ళేవే?"

"నిద్రపోతోందత్తయ్యా. మిమ్మల్ని చూసే కుట్టాను."

"నేనెక్కడ నిద్రపోయాను? కాస్త కళ్ళు మూసుకున్నానంతే," అంది ముసలావిడ, రోజూ అనే మాటే.

పదోరోజు తనిఖీకి మళ్ళీ వచ్చినామె ఆ కుట్టుకళ్ళను లాగింది, గోటితో గీరింది. దారం చెక్కు చెదరలేదు. చీటీ చదివింది. అప్పటికే బొమ్మ ఆమె భుజం మీదికి చేరింది, ఆమె చెయ్యి దాని వీపు నిమురుతోంది. తనకే తెలియకుండా గొంతు తగ్గించి, "పెన్ను ఉందా అమ్మా?" అని అడిగింది.

ఆ సాయంత్రమే కిటికీ తెరుచుకుంది. పక్కనే ఒక అట్ట వేలాడింది: పాత బొమ్మలు తెండి, ఊరికే నిద్రపుచ్చి ఇస్తాను.